కారు బాగుచేయించి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వాళ్ల కాలంలో కార్లు లేవు గనక అక్కడితో ఆపారు. ఉండి ఉంటే, అందులోనూ యాభై ఏళ్లు దాటిన కారొకటి పెరట్లో పడి ఉంటే, "కారు బాగుచేయించి చూడు" అని మూడో ముక్క తప్పకుండా చేర్చి ఉండేవారు. నేను ఇల్లు కట్టాను. ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు చేశాను. ఆ రెంటిలోనూ కలిపి పడని హైరానా ఈ మూడోదానిలో పడ్డాను. కాబట్టి విని చెబుతున్న మాట కాదిది, పడి చెబుతున్న మాట.

మాది తెనాలి. మా పెరట్లో రేకుల షెడ్డు కింద 1968 నాటి అంబాసిడరు ఒకటి ఉంది. మార్క్ టూ. మా నాన్నగారిది. ఆయన డాక్టరు. కొల్లిపర, దుగ్గిరాల, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి పురుడొచ్చినా, పాము కరిచినా, రాత్రనక పగలనక ఆ కారులోనే వెళ్లేవారు. 2004లో ఆయన పోయారు. ఆ తర్వాత దాన్ని కదిపినవాళ్లు లేరు. దానిమీద కొబ్బరిమట్టలు, వెనక సీటులో పాత పేపర్లు, ఇంజను దగ్గర ఎలకల సంసారం. అమ్మేద్దామంటే అమ్మ ఒప్పుకోదు. ఉంచుదామంటే మా ఆవిడ ఒప్పుకోదు. మధ్యన నేను బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూ, ఆపైన రిటైరయి, పద్ధెనిమిదేళ్లు గడిపేశాను.

రోగం 2022లో అంటుకుంది. అప్పటికి రిటైరయి మూడేళ్లయింది. హైదరాబాదులో పెద్దమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు చౌమహల్లా ప్యాలెస్ చూడబోయాం. అక్కడ నిజాం నవాబుల పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. 1912 నాటి సిల్వర్ గోస్ట్. నూట పదేళ్ల ముసలిది, నిన్న కాక మొన్న పెళ్లయిన పిల్లలా మిలమిలా మెరిసిపోతోంది. ఇంటికొచ్చి ఆ వైభవమంతా అమ్మకు వర్ణించి చెప్పాను. అమ్మకు అప్పటికి ఎనభై మూడు. నీటికాసుల జబ్బుతో పదేళ్లుగా చూపు తగ్గుతూ వచ్చి, వెలుగూ చీకటీ తెలియడం మాత్రం మిగిలింది. అంతా విని, "నవాబుగారి కారు సంగతి సరేరా. మీ నాన్న కారు ఒక్కసారి ఎక్కాలని ఉంది" అంది.

"ఎంత భాగ్యం! ఆరు నెలల్లో ఎక్కిస్తానమ్మా" అన్నాను.

మొదటి భ్రమ ఇదే. ఆరు నెలలు. పాత కారు మొదలుపెట్టిన ప్రతివాడూ ఆరు నెలలనే అంటాడట. ఆ అంకెలో ఏం మహత్యముందో గాని, ఇంకో అంకె ఎవరి నోటా రాదు.

రెండో భ్రమకు కర్త మా బావమరిది. వాడికి ట్రాక్టరు ఉంది. ట్రాక్టరు ఉన్నవాడికి లోకంలోని యంత్రాలన్నీ తెలుసని మా అత్తవారి ఊళ్లో ఒక నమ్మకం. "ఏముంది బావా, అంబాసిడరు ఇంజను ఇనప గుండు. కొత్త బ్యాటరీ పెట్టి, పెట్రోలు పోసి, తాడు కట్టి లాగామంటే దానంతటదే అందుకుంటుంది" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఇంజను పలికిందంటే పని సగం అయిపోయినట్టే గదా! మిగిలిన సగం రంగు. అంతేగా?

ఒక ఆదివారం ముహూర్తం పెట్టాం. ట్రాక్టరుకు తాడు కట్టాం. నేను కొబ్బరికాయ కొట్టి స్టీరింగు ముందు కూర్చున్నాను. గేరులో పెట్టి క్లచ్చి వదలమన్నాడు వాడు. వదిలాను. వెనక చక్రాలు కొంతసేపు మొరాయించి, మట్టిలో గాళ్లు తీసి, ఆఖరికి తిరిగాయి. లోపల ఎక్కడో 'ఫట్' మని ఒక చప్పుడు. తర్వాత నల్లటి పొగ. ఇంజను పలికింది! మా బావమరిది పట్టలేని సంతోషంతో ట్రాక్టరు ఆపాడు. నేనూ కారు ఆపబోయాను. బ్రేకు మీద కాలు వేస్తే అది నేలదాకా వెళ్లిపోయింది, ఏట్లో కాలు పెట్టినట్టు. కారు తన దారిన తాను పోయి ట్రాక్టరు వెనక కొక్కేనికి మూతి గుద్దుకుంది. ముందు జాలీ రెండు ముక్కలయింది.

మా ఆవిడ వరండాలోంచి చూసి, "అయిందా?" అని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు గాని ఎవరైనా తెలిసినవాణ్ణి అడగాలన్న బుద్ధి పుట్టలేదు. బెజవాడ ఆటోనగరులో పాత అంబాసిడర్ల మేస్త్రీ ఒకాయన ఉన్నాడని తెలిసి వెళ్లి బతిమాలాను. డెబ్బై దాటినవాడు. చిన్నప్పుడు మా నాన్నగారి కారుకు తన గురువుతో కలిసి ఆయిలు మార్చిన చేతులే అవి. నాకూ అరవై దాటాయి, అయినా ఆయనకు నేను ఇప్పటికీ 'డాక్టరుగారబ్బాయినే'. మా ఇంటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, కిందకు దూరి చూసి, లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఎవరు లాగారు బాబుగారూ దీన్ని?"

మా బావమరిది నా వెనక్కి జరిగాడు.

ఆయన చెప్పిన పాఠం ఇది. కదలకుండా నిలబెట్టిన కారు చెడదనుకోవడం ఒట్టి మాట. తిరిగే కారు అరుగుతుంది, నిలబడ్డ కారు కుళ్లుతుంది. పోసిన పెట్రోలు జిగురై కార్బురేటరు సన్న రంధ్రాలను మూసేస్తుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమకు లోపలి సిలిండర్లు తుప్పు పడతాయి, రబ్బరు కప్పులు బిగుసుకుపోతాయి. పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు తుప్పుతో బోరు గోడలకు అతుక్కుపోతాయి. అలాంటి ఇంజనుకు ప్లగ్గులు విప్పి, ఆ కంతల్లోంచి పల్చటి నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చి, ఆ తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. లాగితే ఏమవుతుంది? రింగులు విరిగి బోరును గీరేస్తాయి. మాకు అదే అయింది. బోరు చెక్కించి ఒక సైజు పెద్ద పిస్టన్లు వేయించాల్సి వచ్చింది. తాడు ఖరీదు వంద రూపాయలు. దానివల్ల అయిన ఖర్చు చెబితే మా ఆవిడ ఈ కాగితం చూస్తుంది, వద్దులెండి.

"అందరూ ముందు నడిపించాలని చూస్తారు బాబుగారూ. ముందు ఆగడం. తర్వాత నడవడం. అందం ఆఖర్న" అన్నాడు మేస్త్రీ. బ్రేకులు, స్టీరింగు, టైర్లు మొదట. ఇంజను తర్వాత. రంగు చిట్టచివర. నేను సరిగ్గా దాన్ని తలకిందులు చేశాను. ఆ మాట విన్నాక, కారు విషయంలోనే కాదు, జీవితంలో ఇంకా చాలా వాటి విషయంలో ఇదే క్రమం తప్పానని తోచింది. అవి ఇక్కడ అప్రస్తుతం.

మూడో భ్రమ సామాన్లది. "అంబాసిడరుకేమండీ, సామాన్లు ఏ సందులోనైనా దొరుకుతాయి" అంటారు. కొంత నిజమే. ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో సిరీసును తెచ్చుకుని, ఉత్తరపారాలో 1957లో మొదలుపెట్టి, 2014 దాకా ఆ బండినే చేస్తూ వచ్చారు. యాభై ఏడేళ్లు ఒక ఆకారాన్నే అంటిపెట్టుకున్న బండికి సామాన్లు దొరక్కేం? ఇంజను లోపలివి దొరికాయి. బ్రేకులవీ దొరికాయి. కాని ఆకారం ఒకటే గాని అలంకారం ఒకటి కాదు. మార్క్ టూ ముందు జాలీ గళ్లు గళ్లుగా, మా నాన్నగారి లుంగీలా ఉంటుంది. తర్వాత వచ్చినవాటికి అలా ఉండదు. మేం ట్రాక్టరుకు గుద్ది విరగ్గొట్టింది సరిగ్గా దాన్నే. ఇనప సామాన్ల కొట్లన్నీ గాలించి ఇంకొకటి సంపాదించేసరికి పదకొండు నెలలు పట్టింది. అది నల్లగా తుప్పు పట్టి ఉంది. దానికి మెరుగు వేయించబోతే తెలిసింది, మెరుగంటే ఒక పూత కాదట. ముందు రాగి, దానిమీద నికెలు, పైన పల్చగా క్రోమియం. అడుగున ఇనుము నున్నగా లేకపోతే పైన ఎన్ని పూతలు పూసినా గతుకులు కనిపిస్తూనే ఉంటాయి.

నాలుగోది అల్లుడిగారి భ్రమ. ఆయన హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. చాలా మర్యాదస్థుడు. "మావయ్యగారూ, ఆ పాత పదిహేను వందల సీసీ ఇంజనుతో ఎందుకు బాధ? మంచి జపాను ఇంజను, పవర్ స్టీరింగు, ఏసీ పెట్టించేయండి. పైకి అంబాసిడరు, లోపల కొత్త కారు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. మేస్త్రీని అడిగాను. ఆయన నవ్వాడు. "పెట్టొచ్చు. కొత్త ఇంజను బరువు మోయడానికి ముందు స్ప్రింగులు మార్చాలి. దాని వేగానికి బ్రేకులు మార్చాలి. బ్రేకులకు చక్రాలు. అప్పుడు మీ నాన్నగారి కారులో మిగిలేది డిక్కీ మూత." పైగా ఇంజను మార్చడానికి రవాణా శాఖ అనుమతి కావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిన రూపాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. అల్లుడిగారికి ఫోను చేసి, చట్టం ఒప్పుకోదు నాయనా అన్నాను. అల్లుళ్లతో మాట్లాడేటప్పుడు చట్టం చాలా ఉపయోగం.

చట్టం అనుకున్నాం గనక, అయిదో భ్రమ కూడా చెప్పేస్తాను. పదిహేనేళ్లు దాటిన కారు తుక్కు కింద వేయాల్సిందే అన్నాడు పక్కింటాయన. యాభై ఏళ్లు దాటితే వింటేజి, కోట్లు పలుకుతుంది అన్నాడు ఎదురింటాయన. ఇద్దరి మధ్యా మా ఇల్లు. నిజం కూడా ఆ మధ్యనే ఉంది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు. ఆ తర్వాత పరీక్షకు నిలబెట్టి నెగ్గించుకుంటే అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. ఢిల్లీ ప్రాంతంలో కథ వేరు, మనకు ఇది. ఇక వింటేజి అంటారా, బ్రిటిషు వాళ్ల లెక్కలో 1919 నుంచి 1930 దాకా తయారైనవే వింటేజి. మన కేంద్ర ప్రభుత్వం మాత్రం 2021లో యాభై ఏళ్లు నిండిన సొంత బళ్లను ఆ పేరుతో రిజిస్టరు చేసుకోవచ్చంది. ఇరవై వేల రూపాయల రుసుము, పదేళ్ల గడువు, నంబరులో వి.ఎ. అనే అక్షరాలు. కాని మెలిక ఒకటుంది. ఆ నంబరు వేయించుకున్న కారును ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, రిపేరుకూ తప్ప మామూలుగా రోడ్డుమీద తిప్పకూడదు. అమ్మను ఎక్కించుకుని కాలవగట్టుకు వెళ్లడం ఏ ప్రదర్శన కిందకు వస్తుంది? అందుకని ఆలస్యానికి జరిమానా కట్టి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకున్నాను.

కోట్ల సంగతి కూడా తేల్చేద్దాం. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. ఆ మాట మహారాజుల కార్లకు వర్తిస్తుందేమో గాని అంబాసిడరుకు వర్తించదు. ఊరికి పదేసి చొప్పున తిరిగిన బండి అది. బాగుచేయడానికి అయిన ఖర్చులో సగానికి అడిగేవాడు దొరికితే అదృష్టం. ఆ ఖర్చులో కూడా సామాన్ల వాటా తక్కువ, చేతిపని వాటా ఎక్కువ. తుప్పు పట్టిన ఒక్క మేకు విప్పడానికి ఒక పూట పట్టిన రోజులు నేను చూశాను. పాత కారును ఆస్తి అనుకుని మొదలుపెట్టేవాళ్లుంటే ఇప్పుడే మానుకోవడం మంచిది.

ఇక పెట్రోలు. ఇది మా కాలంవాళ్లకు ఎవరికీ తట్టని సంగతి. వెనక పెట్రోలులో సీసం కలిపేవారు. ఇంజనులో వాల్వులు టకటకా కొట్టుకునే పీటల మీద ఆ సీసం పల్చటి పొరలా చేరి అరగకుండా కాపాడేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. ఊపిరితిత్తులకు మంచిదే, పాత ఇంజనుకు మాత్రం గట్టి పీటలు వేయించడం శ్రేయస్కరం అన్నాడు మేస్త్రీ. దాని పని అయ్యేసరికి ఇంకో పితలాటకం. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాలు. అది పాత రబ్బరు గొట్టాలను పాడుచేస్తుంది, తేమను పీలుస్తుంది, నెలల తరబడి నిలవుంటే ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. గొట్టాలన్నీ తీసి దానికి తట్టుకునేవి వేయించాం. కారు మారకపోయినా లోకం మారుతుందన్నమాట. 1968లో ఉన్నదాన్ని ఉన్నట్టు చేసి నిలబెడితే అది 2025లో నడవదు.

ఇలా నెలలు గడుస్తున్నాయి. ఆరు నెలలు ఏడాది, ఏడాది రెండేళ్లు అయింది. 2024 వేసవిలో అమ్మకు జబ్బు చేసింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉంది. మూడోరోజు కాస్త తెలివొచ్చాక నేను పక్కన కూర్చుంటే, "కారు ఎంతవరకొచ్చిందిరా?" అంది. "రంగు వేయడమేనమ్మా, అయిపోయింది" అని అబద్ధమాడాను. అప్పటికి కారుకు తలుపులే లేవు. ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని, ట్రాక్టరుతో లాగించిన ఆ ఆదివారాన్ని తలుచుకుని నన్ను నేను ఎంత తిట్టుకున్నానో దేవుడికి తెలుసు. తొందరపడి ఆ తాడు కట్టకపోయి ఉంటే పదకొండు నెలలు మిగిలేవి. పాత కారు ఆగుతుంది. ఆగలేనివాళ్లు మనుషులు.

దేవుడి దయవల్ల అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. నేను మేస్త్రీ వెంట పడ్డాను. ఇక మిగిలింది ఒళ్లు, రంగు.

అన్నిటికన్నా పెద్ద భ్రమ ఇక్కడే ఉంది. రంగు వేయిస్తే కారు బాగుపడినట్టని. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఏ పెయింటింగు షెడ్డులోనో పుట్టి ఉంటుంది. తుప్పు పట్టిన చోట లప్పం మెత్తి, గరుకు కాగితంతో రుద్ది, రంగు కొడితే ఆరు నెలలు అద్దంలా ఉంటుంది. లప్పం కింద తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి పొక్కులు. పైగా అంబాసిడరుకు లారీకున్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు. దాని ఒళ్లే దాని ఎముకలు. తలుపుల కింది పట్టీలు కుళ్లితే అందం పోవడం కాదు, నడుం విరుగుతుంది. కుళ్లినంత మేరా కోసి పారేసి, కొత్త రేకు అతికి, తుప్పు పట్టని పూత వేసి, అప్పుడు రంగు. మా కారుకు ఆ పని మూడు నెలలు పట్టింది.

ఒళ్లంతా సరిచేస్తున్నప్పుడు మేస్త్రీ నన్ను పిలిచాడు. కుడివైపు ముందు మడ్‌గార్డు మీద, దీపం వెనగ్గా, అరచేయంత సొట్ట ఒకటుంది. నా చిన్నతనంనుంచీ ఉంది. గేదె పొడిచిందని నాన్నగారు అందరికీ చెప్పేవారు. "ఎప్పుడడిగినా డాక్టరుగారు దీన్ని తియ్యనిచ్చేవారు కాదు. ఉంచమంటారా బాబుగారూ?" అన్నాడు మేస్త్రీ.

నాకు నవ్వొచ్చింది. "ఇంత డబ్బు పోస్తోంది సొట్టలు దాచుకోవడానికా? తీసెయ్యండి" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తీసేశాడు. మంచి పనివాడు. చేత్తో నిమిరినా జాడ తెలియకుండా తీశాడు.

సీట్ల దగ్గరకొచ్చేసరికి డబ్బులైపోయాయి. కుషన్లు కుట్టేవాడు ముందున్న పొడుగాటి సీటు పీకేసి, లోపలి స్ప్రింగులూ కొబ్బరిపీచూ పారేసి, నురుగు దిండ్లతో విడివిడి సీట్లు చేస్తానన్నాడు. చెప్పిన అంకె విని మా ఆవిడ వంక చూశాను. ఆవిడ గోడ వంక చూసింది. పైన చిరిగిన చోట మాత్రం కొత్త రెగ్జిను వేయించి, ఆ పాత సీటునే ఉంచేశాం. అది ఒక్కటే వెలితి అని లోలోపల చాలా బాధపడ్డాను.

2025 కార్తీకమాసంలో ఒక పొద్దున కారు ఇంటికొచ్చింది. తెల్లగా, పాలలో ముంచి తీసినట్టు. వీధంతా పోగయింది. అల్లుడిగారు ఫొటోలు తీశారు. మా బావమరిది, తాను లాగబట్టే ఇంత వరకూ వచ్చిందని అందరికీ చెప్పుకుంటున్నాడు. నేను అమ్మను చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను.

రంగుకు నేను పెట్టిన డబ్బంతా ఆ నిమిషంలో నా కళ్ల ముందు తిరిగింది. అమ్మకు కనపడదు గదా! ఎవరికోసం మెరిపించానో ఆవిడ తప్ప ఊరంతా చూస్తోంది.

అమ్మ బానెట్ మీద చెయ్యి వేసింది. మెల్లగా తడుముకుంటూ కుడివైపుకు వచ్చింది. దీపం దగ్గర చెయ్యి ఆగింది. వెనక్కి జరిగింది. మళ్లీ ముందుకొచ్చింది. ఏదో వెతుకుతోంది.

"ఇది మీ నాన్న కారేనట్రా?"

"అదేనమ్మా."

"సొట్ట ఏది?"

"తీసేయించానమ్మా. గేదె పొడిచిన సొట్ట..."

"గేదె కాదురా. నేను" అంది అమ్మ.

అరవై ఆరేళ్ల కొడుకుకు ఆవిడ అప్పుడు చెప్పింది. 1971లో నాన్నగారు ఆవిడకు కారు నేర్పారట. తెల్లవారుజామున, ఎవరూ లేవకముందు, కాలవగట్టు మీద. మా నాయనమ్మకు తెలిస్తే ఊరుకోదని దొంగతనంగా. తొమ్మిది రోజులు బాగానే నడిచిందట. పదోరోజు ఎదురుగా ఎడ్లబండి వస్తే బెదిరి తుమ్మచెట్టుకు గుద్దింది. ఇంటికొచ్చాక నాన్నగారు గేదె కథ అల్లారు. తర్వాత ఎందరు వెక్కిరించినా, డాక్టరుగారి కారుకు ఆ సొట్టేమిటండీ అన్నా, తీయించలేదు. ఆ తర్వాత ఆవిడ మళ్లీ కారు నడపలేదు. ఆయనా ఆ మాట ఎత్తలేదు.

నాకు నోట మాట రాలేదు. తుప్పు ఏదో, గుర్తు ఏదో తేల్చుకోలేనివాణ్ణి నేను. మేస్త్రీ అడిగాడు కూడాను. ఆయనకు తెలియకపోయినా, ముప్ఫై ఏళ్లకు పైగా ఒక మనిషి పనిగట్టుకుని ఉంచుకున్నదాన్ని ఒక్క మాట మీద తీసేయకూడదని అనుమానం వచ్చింది. నాకు అదీ రాలేదు. పాత కారును బాగుచేయడమంటే కొత్తది చేయడమనుకున్నాను. బాగుచేయవలసింది పాడైనదాన్ని. పాతదాన్ని కాదు.

"పోనీలే, ఎక్కించు" అంది అమ్మ.

ఎడమవైపు తలుపు తీశాను. "అటు కాదు" అంది. డ్రైవరు వైపుకు నడిచింది. ఎక్కించి కూర్చోబెట్టాం. కూర్చోగానే పాత సీటు లోపలి స్ప్రింగులు 'కిర్రు' మన్నాయి. అమ్మ ముఖం విప్పారింది. కాస్త అటూ ఇటూ సర్దుకుని మళ్లీ కిర్రుమనిపించింది. చెయ్యి చాచి, స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డును వెతక్కుండానే పట్టుకుంది.

"ఇదే. ఇదే కారు" అంది.

నా డబ్బు చాలక వదిలేసినది ఆవిడకు గుర్తు దొరికింది. డబ్బు పెట్టి చేయించినది దొరకలేదు.

తర్వాత ఆవిణ్ణి పక్కకు జరిపి నేను నడిపాను. గంటకు ఇరవై మైళ్ల వేగంతో కాలవగట్టు దాకా వెళ్లాం. అక్కడ తుమ్మచెట్టు లేదు, ఏదో ఫంక్షను హాలుంది. ఆ సంగతి అమ్మకు చెప్పలేదు. బ్రేకు వేస్తే కారు చక్కగా ఆగింది.

సాయంత్రం మేస్త్రీకి ఫోను చేసి జరిగిందంతా చెప్పాను. ఎలాగైనా ఆ సొట్ట మళ్లీ పెట్టగలరా అని సిగ్గు విడిచి అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"సొట్ట తియ్యడం వచ్చు గాని, పెట్టడం మా పనిలో లేదు బాబుగారూ. అయినా దాన్ని నేను పెడితే ఏం లాభం? అమ్మగారే పెట్టాలి" అన్నాడు.

ఆ మాట అమ్మకు చెప్పాను. అమ్మ చాలారోజుల తర్వాత పగలబడి నవ్వింది. "కాలవగట్టుకు ఎప్పుడు తీసుకెళతావురా?" అంది.

మా ఆవిడ మాత్రం కారు తాళాలు తీసుకెళ్లి బీరువాలో పెట్టింది.